పదహారు మాటల చిక్కుముడి: కనెక్షన్స్ పజిల్‌ను విప్పే పద్ధతి

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే శుభోదయం బొమ్మల కంటే ముందు ఒక మాటల ఆట ఫలితం చూపే రంగు చదరాలు వచ్చి పడతాయి. పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. ఒక్కో రంగు ఒక్కో వరసలో బుద్ధిగా ఉంటే పంపినవాళ్ళు హుషారుగా ఉన్నట్టు. రంగులన్నీ కలగాపులగంగా ఉంటే ఆ పూట వాళ్ళని కదిలించకపోవడమే మంచిది. డాలస్‌లో ఉన్న మా అక్క అంటించిన జబ్బు ఇది. ఇప్పుడు హైదరాబాద్‌లో నేను, రాజమండ్రిలో పిన్ని, చివరికి ‘ఇదేం పిల్లలాట’ అని నవ్విన బావ కూడా అందులోనే ఉన్నాం.

ఆట పేరు కనెక్షన్స్. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2023 జూన్ 12న దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. పజిల్ కూర్చేది ఆ పత్రికలో పజిల్ ఎడిటర్ వైనా లియూ. పదహారు విషయాల్ని నాలుగు గుంపులు చేయడం అంతకుముందు లేనిదేమీ కాదు. బ్రిటన్‌లో బీబీసీ 2008 నుంచి నడుపుతున్న ‘ఓన్లీ కనెక్ట్’ అనే క్విజ్‌లో ఇలాంటి రౌండే ఒకటి ఉంది. అక్కడ రెండున్నర నిమిషాల్లో తేల్చాలి. ఇక్కడ గడియారం లేదు. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

నియమాలు చిన్నవే. తెర మీద పదహారు ఇంగ్లిష్ మాటలు ఉంటాయి. ఏదో ఒక సంబంధం ఉన్న నాలుగింటిని నొక్కి సబ్మిట్ చేయాలి. సరైతే ఆ నాలుగూ రంగు పట్టీగా మారి, గుంపు పేరు కనిపిస్తుంది. తప్పయితే కింద ఉన్న నాలుగు చుక్కల్లో ఒకటి పోతుంది. నాలుగో తప్పుతో ఆట ముగుస్తుంది. మీరు నొక్కిన నాలుగింటిలో మూడు ఒకే గుంపువైతే ‘వన్ అవే’ అని చెబుతుంది, ఏ మూడో మాత్రం చెప్పదు. పసుపు అన్నిటికంటే తేలిక, తర్వాత ఆకుపచ్చ, నీలం, అన్నిటికంటే మెలిక ఊదా. ఏది ఏ రంగో గుంపు పట్టుకున్నాకే తెలుస్తుంది.

చాలామంది దీన్ని ఇంగ్లిష్ పరీక్ష అనుకుని భయపడతారు. మాటలు దాదాపు అన్నీ మనకి తెలిసినవే ఉంటాయి. ఆ తెలిసిన అర్థం దగ్గరే మనం ఆగిపోతాం, చిక్కంతా అక్కడే. అందుకే పద్ధతిని ముందు తెలుగు మాటలతో చూపిస్తాను. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినవాళ్ళ కోసం నేను కాగితం మీద రాసిన పజిల్ ఇది.

కాకి, దుప్పటి, కాలువ, పావురం
మెడల్, చెరువు, బొంత, గోరువంక
పరుపు, చిలుక, తలగడ, కుంట
వాగు, పిచ్చుక, చాప, బావి

కిందికి వెళ్ళేముందు ఒక్క నిమిషం మీరే ప్రయత్నించండి.

మొదటి పని: చేతులు కట్టుకోవడం

బావ కాగితం అందుకున్న పది సెకన్లలో ‘కాకి, పావురం, చిలుక, గోరువంక, పక్షులు!’ అన్నాడు. తప్పు. ‘అయితే గోరువంక తీసేసి పిచ్చుక పెట్టు’ అని ఉంటే సరిపోయేది. ఆయన చిలుకని తీశాడు. మళ్ళీ తప్పు.

పక్షులు అన్న సంగతి ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. పలకలో పక్షులు ఐదున్నాయని మాత్రం లెక్కపెట్టలేదు. నాలుగు దొరికాయి కదా అని ఆగిపోయాడు.

నాకు తెలిసినంతలో ఈ ఆట మొత్తానికి ఒకటే అసలు సూత్రం: నాలుగు దొరకగానే నొక్కొద్దు, ఐదోది ఉందేమో వెతకండి. పజిల్ కూర్చేవాళ్ళు వలపన్నేది అక్కడే. ఏ గుంపుకైనా ఐదో మాట లేదని తేలిందా, అప్పుడు నిశ్చింతగా నొక్కండి. ఐదు కనిపించాయా, దాన్ని పక్కన పెట్టి ఇంకో గుంపు వైపు వెళ్ళండి. గడియారం లేదన్నాను కదా, తొందరెవరికి?

ఊరికే నొక్కి చూద్దాం, ఏదో ఒకటి తగలకపోతుందా అనుకునేవాళ్ళ కోసం ఒక లెక్క. పదహారింటిలోంచి నాలుగు ఎంచుకోవడానికి 1,820 దారులున్నాయి. అందులో సరైనవి నాలుగే. అంటే గుడ్డిగా కొడితే 455 సార్లలో ఒకసారి తగులుతుంది. పదహారు మాటల్నీ నాలుగు గుంపులుగా విడగొట్టే దారులైతే 26,27,625. నాలుగు చుక్కలతో ఇందులో ఈదలేం.

రెండో పని: అన్నిటినీ పైకి చదవడం

మనసులో కాదు, నోటితో. చదువుతూ ఒక్కో మాటకి ఎన్ని అర్థాలున్నాయో తడమాలి. తెలుగులో అయితే ‘పన్ను’ అనగానే నోట్లోదీ గుర్తొస్తుంది, ప్రభుత్వానికి కట్టేదీ గుర్తొస్తుంది. ఇంగ్లిష్ మాటకి మన బుర్ర అలా రెండో అర్థం వెంటనే ఇవ్వదు. బళ్ళో నేర్చుకున్న అర్థం ఒక్కటే ముందుకొచ్చి నిలబడుతుంది.

‘డక్’ అంటే బాతు. తల వంచడం కూడా. ‘స్వాలో’ అంటే మింగడం. అదొక పిట్ట కూడా. ‘క్రేన్’ అంటే మెట్రో పిల్లర్ల దగ్గర చూసిన యంత్రం గుర్తొస్తుంది, కొంగలాంటి పక్షి గుర్తురాదు. మెడ సాచి చూడటాన్ని కూడా క్రేన్ అనే అంటారు. ‘టర్కీ’ ఒక దేశం, ఒక పక్షి. ఈ నాలుగూ ఒక పలకలో కనిపిస్తే పక్షులు అనిపిస్తుంది. కానీ డక్, క్రేన్ పక్కన ఒంటిని వంచే మాటలు ఇంకో రెండు ఉన్నాయేమో చూడాలి. టర్కీ పక్కన చైనా, జోర్డాన్ లాంటివి ఉన్నాయేమో చూడాలి. చైనా అంటే పింగాణీ సామాను కూడా అని మళ్ళీ గుర్తుంచుకోవాలి.

నాకు బాగా నచ్చే ఉదాహరణ ‘మెర్క్యురీ’. బుధ గ్రహం, పాదరసం, రోమన్ దేవుడు, ఫోర్డ్ కంపెనీ ఒకప్పుడు అమ్మిన కార్ల పేరు, క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ ఇంటిపేరు. ఒకే మాటకి ఐదు టోపీలు. పక్కన ‘సాటర్న్’ కనిపించగానే గ్రహాలని ఎగిరి గంతేయకండి, అది కూడా జనరల్ మోటార్స్ ఒకప్పుడు అమ్మిన కార్ల పేరే.

ఇంకొక్కటి గమనించండి. మాటలు పేరుగా, పనిగా రెండు రకాలుగా పనిచేస్తాయా? తెలుగులో ‘కలుపు’ అంటే చేలో పీకే గడ్డి, లేదా చారులో కలపమనడం. ఇంగ్లిష్‌లో ఇలాంటివి కొల్లలు. ‘బుక్’ పుస్తకం, టికెట్ తీసుకోవడం. ‘సీల్’ ముద్ర, మూసేయడం, సముద్రంలో ఉండే జంతువు. ఒక మాట పేరుగా ఏ గుంపులోనూ కుదరకపోతే దాన్ని పనిగా మార్చి చూడండి. సగం తాళాలు అక్కడే ఊడతాయి.

మూడో పని: ఎక్కడా ఇమడని మాటను పట్టుకోవడం

గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదివినవాళ్ళకి రీజనింగ్‌లో ‘భిన్నమైనది ఏది’ అన్న ప్రశ్న గుర్తుంటుంది. ఇక్కడా అదే అలవాటు పనికొస్తుంది, కాకపోతే భిన్నమైనదాన్ని తీసి పారేయకూడదు. దాని దగ్గరే మొదలుపెట్టాలి.

మన పలకలోకి తిరిగి వెళ్దాం. పక్షులు ఐదు: కాకి, పావురం, చిలుక, పిచ్చుక, గోరువంక. పడక సామాను ఐదు: దుప్పటి, బొంత, పరుపు, తలగడ, చాప. నీళ్ళుండే చోట్లు ఐదు: చెరువు, కుంట, వాగు, బావి, కాలువ. మూడైదులు పదిహేను. మిగిలింది మెడల్.

ఇక్కడ బావ చేసిన రెండో పొరపాటు చెప్పాలి, ఎందుకంటే అందరం చేసేదే. ఆయన గుంపు లోపల వాదనకి దిగాడు. ‘చాప కూర్చోడానికి కదా, అది పడక కాదు, తీసేద్దాం.’ ‘బావి తవ్వుతాం, వాగు తవ్వం, కాబట్టి వాగు వేరు.’ వినడానికి బాగానే ఉంది. కానీ చాపని తీసేస్తే అది ఎక్కడికి వెళ్ళాలి? మెడల్ పక్కకా? మెడల్‌కీ చాపకీ ఏం సంబంధం? ఒక మాటను గుంపులోంచి బయటికి పంపాలంటే అది వెళ్ళి చేరే ఇల్లు చూపించాలి. ఇల్లు చూపించలేకపోతే దాన్ని కదపకండి.

పిన్ని మాత్రం మెడల్‌ని పట్టుకుని కూర్చుంది. బహుమతి అనుకుంది, బంగారం అనుకుంది, ఒలింపిక్స్ అనుకుంది. ఏదీ కలవలేదు. అర్థంతో పని కానప్పుడు అక్షరాల వైపు చూడాలి. ‘మెడల్... మెడ... ల్’ అని సాగదీసి పలికి ఆగిపోయింది. మెడ! వెంటనే ఐదేసి ఉన్న గుంపుల్లో ఒంట్లో భాగం పేరుతో మొదలయ్యేవి వెతికింది. కాలువలో కాలు. గోరువంకలో గోరు. తలగడలో తల. ఆ నాలుగూ తీసేసరికి మిగతా మూడు గుంపులూ వాటంతట అవే నాలుగేసి అయ్యాయి.

రాయలసీమ నుంచి వచ్చిన ఒక స్నేహితుడు ‘వంక అంటే మా వైపు ఏరు కదా, గోరువంకలో నీళ్ళు కూడా ఉన్నాయి’ అని ఇంకో మెలిక వేశాడు. అది నేను పెట్టింది కాదు. ఇలా తలవని తలంపుగా కలిసే సంబంధాలు అసలు ఆటలోనూ ఎదురవుతాయి. ఒక్క మాటకే పనికొచ్చే సంబంధం సంబంధం కాదు, నాలుగింటికీ వర్తించాలి.

ఊదా గుంపు ఎలా ఆలోచిస్తుంది

అవధానం చూసినవాళ్ళకి దత్తపది తెలుసు. పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తాడు, అవధాని వాటిని పద్యంలో ఇమడ్చాలి. రామాయణంలో పేర్లిచ్చి భారత కథ చెప్పమంటారు. అవధాని ఏం చేస్తాడు? మాటని విరుస్తాడు, పక్క మాటకి అతికిస్తాడు, వేరే మాట కడుపులో దాస్తాడు. చెవికి అదే వినబడుతుంది, అర్థం మారిపోతుంది. ఊదా గుంపు చేసేది అచ్చంగా ఇదే, తిరగేసి. అక్కడ మాట దాచేవాణ్ణి చూసి చప్పట్లు కొడతాం, ఇక్కడ దాచిన మాటని మనం తవ్వి తీయాలి.

తరచుగా వచ్చే ఎత్తుగడలు నాలుగైదే. ఒకటి, నాలుగింటికీ ఒకే మాట తగిలించడం. గ్రీన్, వైట్, లైట్, పవర్ కనిపిస్తే మొదటి రెండూ రంగుల వైపు లాగుతాయి. కానీ నాలుగింటి చివరా ‘హౌస్’ పెట్టి చూడండి. నాకు కుదిరిన ఉపాయం ఏమిటంటే, తేడాగా ఉన్న మాట ఒకటి తీసుకుని దాని ముందూ వెనకా మామూలుగా వచ్చే మాటలు గబగబా అనుకోవడం. లైట్ హౌస్, లైట్ బల్బ్, మూన్ లైట్, గ్రీన్ లైట్. తర్వాత వాటిని ఇంకో మాటకి తగిలించి చూడటం.

రెండోది, మెడల్‌లో మెడలాగ మాటలో మాట. ఇక్కడ మనకి ఒక ఇబ్బంది ఉంది. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి చెవి సాయం చేస్తుంది. ఇంగ్లిష్‌లో అలా కాదు. వ్యానిష్, కార్పెట్, క్యాబేజ్, బిజీ. మొదటి మూడింటిలో వ్యాన్, కార్, క్యాబ్ వినబడతాయి. నాలుగో దాంట్లో ఏమీ వినబడదు. స్పెల్లింగు చూస్తే మొదటి మూడక్షరాలు బస్సు! కాబట్టి ఒకసారి చెవితో, ఒకసారి కంటితో, రెండు సార్లు చూడాలి.

మూడోది, ఉచ్చారణ. బట్టల్లేని ‘బేర్’, ప్రియమైన ‘డియర్’, జుట్టు ‘హేర్’, ఏడుపు ‘వేల్’. స్పెల్లింగు మార్చితే నాలుగూ జంతువులు: ఎలుగుబంటి, జింక, కుందేలు, తిమింగలం. ఇలా తెలుగు లిపిలో రాసేస్తే కిటుకు కనబడకుండానే పోతుంది, చూశారా. ఈ రకంలో మనకి కొంత లాభం కూడా ఉంది, కష్టమైన ఇంగ్లిష్ మాటల్ని తెలుగు అక్షరాల్లో అనుకునే అలవాటు ఉన్నవాళ్ళకి ఇవి తొందరగా తడతాయి. నష్టం ఎక్కడంటే అమెరికన్ యాసలో. మనం ‘ఆంటీ’లో దీర్ఘం తీస్తాం. అమెరికాలో చాలామంది నోట పిన్నికీ (ఆంట్) చీమకీ (యాంట్) ఒకటే శబ్దం. మా పిన్నికి ఇది చెప్పినప్పుడు ఆవిడ సంతోషించలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను: ఒక అక్షరం తీసేస్తేనో చేరిస్తేనో ఇంకో మాట కావడం (‘పెర్ల్’ చివర అక్షరం తీస్తే మిగిలేది ఒక పండు), అక్షరాలు అటూఇటూ కలిపేయడం, ఏదో ఒక ప్రసిద్ధ జాబితాలోంచి తెచ్చిన ముక్కలు. ఒక మాట అవసరం లేనంత వింతగా ఉంటే, అంటే మామూలు మాట ఉండగా దాన్ని వదిలేసి ఈ వింత మాటే ఎందుకు పెట్టారా అనిపిస్తే, అది ఊదాది అయ్యుండటానికి అవకాశం ఎక్కువ. అక్షరాల కోసం పెట్టిన మాట అది.

అమెరికా సంగతులు తెలియకపోతే

ఇది నిజమైన ఇబ్బందే. పెన్నీ, నికెల్, డైమ్, క్వార్టర్ అక్కడి చిల్లర నాణేలు. అక్కడ పుట్టిన పిల్లవాడికి ఒకటో తరగతి సంగతి, నాకు నాలుగు తప్పుల ఖరీదు. నికెల్ అంటే లోహం, క్వార్టర్ అంటే మన దగ్గర వేరే సంగతి గుర్తొస్తుంది. బేస్‌బాల్‌లో ‘స్టీల్’, ‘వాక్’, ‘బంట్’ అనేవి ఉన్నాయని క్రికెట్ చూసి పెరిగినవాడికి తట్టదు. హీట్, జాజ్, మ్యాజిక్, థండర్ అనే నాలుగు ఒకసారి నన్ను చాలాసేపు తిప్పలు పెట్టాయి. వాతావరణం, సంగీతం, గారడీ అంటూ తిరిగాను. అవి ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్లు. ఆ లీగ్‌లో పేరు చివర బహువచనం అక్షరం లేని జట్లు ఈ నాలుగే.

దీనికి మందు బట్టీ పట్టడం కాదు. తెలిసిన మూడు గుంపులూ గట్టిగా తేల్చుకుంటే తెలియని నాలుగూ మిగిలిపోతాయి, వాటిని కళ్ళు మూసుకుని నొక్కొచ్చు. ఆట పన్నెండు మాటల్ది అనుకోండి, పదహారింటిది కాదు. తెలియని గుంపులో మూడు మాటలే కనబడుతున్నప్పుడు మాత్రం జాగ్రత్త. నాలుగోది మీకు బాగా తెలిసిన మాట వేషంలో ఇంకో గుంపులో కూర్చుని ఉంటుంది, ఆ గుంపులో ఐదుంటాయి. మళ్ళీ ఐదో మాట దగ్గరికే వచ్చాం.

రెండు నెలలు ఆడితే ఈ అమెరికా జాబితాలు కొన్ని వాటంతట అవే ఒంటబడతాయి. నేను ఓడిన గుంపుల్ని ఫోన్‌లో రాసి పెట్టుకుంటాను: పేకాటల పేర్లు, క్రిస్మస్ తాత బండి లాగే దుప్పుల పేర్లు, మోనోపలీ ఆటలో బొమ్మలు. మాట అర్థం తెలియకపోతే నిఘంటువు చూడటం నా దృష్టిలో దొంగాట కాదు. అక్క ఒప్పుకోదు. ఈ విషయంలో మా ఇద్దరికీ రాజీ లేదు.

‘వన్ అవే’ వచ్చినప్పుడు

చాలా ఆటలు పోయేది ఇక్కడే. ‘ఒక్కటే తేడా’ అనగానే రక్తం ఉరకలేస్తుంది, ఒకటి మార్చి మళ్ళీ కొడతాం. మొదట్లో ఉన్నప్పుడు ఆ ‘ఒకటి’ ఎంతో లెక్కేయండి. తీసేయాల్సింది నాలుగింటిలో ఏదైనా కావచ్చు, తేవాల్సింది మిగతా పన్నెండింటిలో ఏదైనా కావచ్చు. నాలుగు పన్నెండ్లు 48. ఒక్కటే తేడాలో నలభై ఎనిమిది దారులు!

అందుకని వెంటనే సరిదిద్దకండి. ఆ నాలుగింటినీ ఒక్కొక్కటిగా తీసి ‘నువ్వు ఇంకెక్కడైనా ఇముడుతావా’ అని అడగండి. అలా ఇమిడేది ఒక్కటే ఉంటే దొంగ అదే. రెండు ఇమిడితే ఆ గుంపును వదిలేసి వేరే గుంపు ముందు తేల్చండి, ఈ లోపు పలక పలచబడుతుంది. ఒకసారి కొట్టిన నాలుగే పొరపాటున మళ్ళీ కొడితే ఆట చెబుతుంది, చుక్క పోదు.

తప్పు కొట్టినా ‘వన్ అవే’ రాలేదంటే అది కూడా సమాచారమే. మీ నాలుగింటిలో ఏ మూడూ ఒక గుంపువి కావన్నమాట. మీరు ఊహించిన సంబంధమే తప్పయ్యుండాలి, దాన్ని పూర్తిగా వదిలేయండి. ఒక మాట మార్చి అదే ఊహతో మళ్ళీ వెళ్ళడం మొండితనం.

చివరికి ఎనిమిది మాటలు మిగిలాయనుకోండి. వాటిని రెండు గుంపులుగా చేసే దారులు 35. ఒకసారి తప్పు కొట్టాక ‘వన్ అవే’ వస్తే 16, రాకపోతే 18 మిగులుతాయి. అంటే ఇక్కడ కూడా ఊహ కంటే ఆలోచనే చవక. నేనైతే ఈ దశలో ఫోన్ పక్కన పెట్టి కాఫీ కలుపుకుంటాను. తిరిగొచ్చేసరికి మాటలు కొత్తగా కనిపిస్తాయి. కాఫీ వద్దంటే షఫుల్ బటన్ ఉంది. పక్కపక్కన పడ్డ మాటల్ని కన్ను జంటగా చూస్తుంది, వాటిని చెల్లాచెదురు చేయడానికి అది పనికొస్తుంది. ఖర్చేమీ లేదు, ఎన్నిసార్లైనా నొక్కండి.

ఊదా ముందు పట్టుకుని, నీలం, ఆకుపచ్చ, పసుపు వరసలో ముగించడం గొప్ప అని కొందరికి ఉంటుంది. సరదాకి బాగుంటుంది. గెలవడం కావాలంటే రంగుతో పని లేదు, ఐదో మాట లేని గుంపు ఏదైతే దాన్నే ముందు నొక్కాలి.

గ్రూపుల్లో ఆడేవాళ్ళకి ఒక మనవి. ఫోన్ ఉన్న చోట రాత్రి పన్నెండు దాటగానే కొత్త పజిల్ వస్తుంది. మనకి అర్ధరాత్రి అయ్యేసరికి డాలస్‌లో ఇంకా ముందురోజు మధ్యాహ్నమే. మనం పొద్దున్నే లేచి ‘ఆ కార్ల గుంపు భలే ఉంది’ అని రాస్తే అక్కడివాళ్ళ రేపటి ఆట ఇవాళే పాడవుతుంది. రంగు చదరాలు పంపండి, వాటిలో మాటలు కనబడవు. మా ఇంట్లో ఈ నియమం ఒక పెద్ద గొడవ తర్వాత వచ్చింది.

మీ కోసం ఒకటి

నూరు, జాజి, తెగులు, ఏడు
తల, తరుగు, లక్ష, చీడ
కలుపు, పది, దోస, దంచు
రుబ్బు, మిడత, గుండె, వేయి

ముందు మీరు చేసి, తర్వాత కింద చదవండి.

అంకెల వైపు చూస్తే ఏడు, పది, నూరు, వేయి, లక్ష, ఐదున్నాయి. వంటింటి వైపు చూస్తే నూరు, దంచు, రుబ్బు, తరుగు, వేయి, కలుపు, ఆరున్నాయి. పొలం వైపు తెగులు, చీడ, మిడత, కలుపు. ధాన్యం అమ్మడానికి వెళ్ళి తూకం దగ్గర దెబ్బతిన్న రైతుని అడిగితే తరుగు కూడా అందులోనే వేయమంటాడు, తప్పనలేం. కానీ తరుగుకి వంటింట్లో ఇల్లుంది. కలుపుని పొలంలోంచి తీస్తే అక్కడ నాలుగు నిండటానికి తరుగు రావాలి. అప్పుడు వంటింట్లో నూరు, దంచు, రుబ్బు, వేయి, కలుపు, అంకెల్లో ఏడు, పది, లక్ష మిగులుతాయి, నూరో వేయో అటు వెళ్ళాలి. రెండు విధాలా కుదిరేలా ఉందే!

ఇలాంటప్పుడు గుంపు పేరును బిగించాలి. ‘వంటింటి పనులు’ అంటే వదులు పేరు, అందులో ఏదైనా పడుతుంది. నూరు, దంచు, రుబ్బు అనే మూడూ చేసే పని ఏమిటి? పదార్థాన్ని చిన్నది చేయడం. వేయి, కలుపు ఆ పని చేయవు, తరుగు చేస్తుంది. పేరు ఎంత బిగుతుగా ఉంటే గుంపు అంత నమ్మకం. దాంతో కలుపు పొలానికి, వేయి అంకెలకి వెళ్ళిపోయాయి.

మిగిలినవి జాజి, తల, దోస, గుండె. ఒకటి పువ్వు, ఒకటి టిఫిన్, రెండు ఒంట్లోవి. అర్థాలతో కుదరదు, వెనక ఏదో తగిలించాలి. బావ ‘నాలుగూ ఆడవాళ్ళకి ఇష్టమైనవి’ అని మొదలుపెట్టి, పిన్ని చూసిన చూపుకి మధ్యలో ఆపేశాడు. ఆవిడ మాత్రం కాగితం నాకు తిరిగిచ్చేస్తూ, ‘మొట్టి కూడా పెట్టాల్సిందిరా, మీ బావకి సరిపోయేది’ అంది.